ఓట్స్ బార్‌కు పాలమూరు కొలత

ఓట్స్ బార్ తయారీని సరుకుల పట్టీగా చదివితే అందులో పాలమూరుకు, అంటే ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాకు, చోటు కనబడదు. ఓట్స్, మేపుల్ సిరప్, వెన్న, బాదం, ఎండబెట్టిన క్రాన్‌బెర్రీలు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ చేలల్లో వీటికి తావు లేదు. అదే తయారీని పనుల పట్టీగా చదివితే సంగతి వేరు. బార్‌లో ఒక సరుకు కడుపు నింపాలి. ఒకటి ముక్క విడిపోకుండా పట్టి ఉంచాలి. ఒకటి మెత్తదనం ఇవ్వాలి, ఒకటి పంటికి తగలాలి, మరొకటి తీపి వెగటు పుట్టకుండా కాస్త పులుపు అందించాలి. ఈ ఐదు పనులకూ ఈ మూడు జిల్లాల్లో చేతికందే సరుకు ఉంది: జొన్న అటుకులు, బెల్లం, పల్లీ ముద్ద, నువ్వులు, కొల్లాపూర్ మామిడితో ఎండబెట్టిన తాండ్ర.

అందుకే ఈ ప్రాంతపు ఇళ్లలో పొద్దుటి బార్ కాల్చుకోవాలి. ఓట్స్‌తో కాక జొన్నతో, పల్లీతో కాల్చుకోవాలి. ఇంట్లో కుదిరిన ఆ కొలతను బడి దాకా చేర్చే పని ప్రభుత్వం తీసుకోవాలి.

జొన్న రొట్టె, పల్లీల పచ్చడి, ఓ ఉల్లిగడ్డ ఉన్న ఇంట్లో బార్ అవసరం లేదు. అంతకు మించిన పొద్దుటి తిండి ఏ డబ్బాలోనూ దొరకదు. చిక్కల్లా రొట్టె కొట్టే తీరిక లేని ఇళ్లలోనే వస్తోంది. సీడ్ పత్తి పూలకు చేత్తో పరాగం అద్దే క్రాసింగ్ రోజుల్లో గద్వాల పల్లెల కూలీలు పొద్దు పొడవకముందే చేలల్లో ఉంటారు. కాలేజీ బస్సు కోసం ఊరి బయట నిలబడే పిల్లలు, తొలి షిఫ్టుకు వెళ్లే నర్సులు, హాస్టళ్లలో ఉండి పరీక్షలకు చదివేవాళ్లు, వీళ్లలో చాలామంది పొద్దుటి తిండి చాయ్, బిస్కెట్లతో సరిపెడుతున్నారు. మైదా, పంచదార, పామాయిల్‌తో చేసిన ఆ బిస్కెట్లు గంటలోపే ఆకలి వేయిస్తాయి. బార్ పోటీ పడాల్సింది ఆ బిస్కెట్ ప్యాకెట్‌తోనే.

ఓట్స్‌కు ఉన్న మంచి పేరు ఊరికే వచ్చింది కాదు. వాటిలో బీటా గ్లూకాన్ అనే కరిగే పీచు ఉంది. అది పేగులో జిగురులా మారి చెడు కొలెస్ట్రాల్ తగ్గడానికి తోడ్పడుతుంది. రోజుకు 3 గ్రాముల బీటా గ్లూకాన్ అందితే గుండెకు మేలని చెప్పుకోవడానికి అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1997లోనే అనుమతి ఇచ్చింది. అయితే ఆ 3 గ్రాములు ఒంటికి పట్టాలంటే సుమారు 75 గ్రాముల ఓట్స్ తినాలి. ఇంట్లో కాల్చే ఒక బార్‌లో ఉండే ఓట్స్ 12, 13 గ్రాములు. అందులో బీటా గ్లూకాన్ అర గ్రాము. లెక్క పూర్తి కావాలంటే రోజుకు ఆరు బార్లు తినాలి, వాటితో పాటు 60 గ్రాముల తీపీ తినాలి. కొలెస్ట్రాల్ కోసం డాక్టర్ ఓట్స్ తినమంటే గిన్నెడు జావ కాచుకుని తాగడమే సరైన దారి. బార్‌లో ఓట్స్ ఉన్నంత మాత్రాన అది మందు కాదు. ఆ చోటు జొన్నకు ఇచ్చినా పోయేది చాలా కొద్ది.

పైగా ఓట్స్ చలి నేలల పంట. మన దేశంలో పంజాబ్, హర్యానా, ఉత్తరప్రదేశ్ వంటి చోట్ల చలికాలంలో వేస్తారు, అదీ ఎక్కువగా పశువుల మేత కోసం. పాలమూరు ఎర్ర నేలలకు జొన్న తరతరాల చుట్టం. తక్కువ వానతో గింజ కడుతుంది, చొప్ప పశువులకు మేత అవుతుంది. కల్వకుర్తి, నెట్టెంపాడు ఎత్తిపోతల నీళ్లు వచ్చాక చాలా చేలల్లోకి వరి చేరింది. నీళ్లొచ్చిన రైతు వరి వేయడాన్ని తప్పుపట్టలేం. జొన్న పండించినవాడికి మంచి ధరకు కొనేవాళ్లు ఉండాలి. రొట్టె తినేవాళ్లు తగ్గిపోతున్న కాలంలో జొన్నకు కొత్త రూపాలు కావాలి. బార్ అలాంటి రూపాల్లో ఒకటి.

పల్లీ సంగతి ఇంకా స్పష్టం. తెలంగాణలో వేరుశనగకు పుట్టిల్లు లాంటిది ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా. 2016 అక్టోబరు 11న ఆ జిల్లా విడిపోయి వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల వేరు జిల్లాలయ్యాయి. పంట మాత్రం మూడింటిలోనూ ఎక్కువగా యాసంగిదే. వానలు తగ్గాక విత్తుతారు, జనవరి నుంచి కాయ యార్డుకు వస్తుంది. ఈ కాలానికి ఒక మేలు ఉంది. వానకాలపు పంటలో కాయ ఊరే సమయానికి బెట్ట, పీకే సమయానికి వాన తగిలితే ఆస్పర్‌జిల్లస్ అనే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ విషం పుడుతుంది. యాసంగి కాయ పొడి ఎండలో ఆరుతుంది కనుక ఆ ముప్పు తక్కువ. ఇంత నాణ్యమైన కాయను పచ్చిగానే బస్తాల్లో పంపేస్తున్నాం. 2025-26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలు. అంటే కిలో కాయకు 73 రూపాయలకు కాస్త తక్కువ. యార్డులో ధర అంతకన్నా పడిపోయిన రోజున రైతు రోడ్డెక్కడం తప్ప చేయగలిగింది లేదు. గింజను వేయించి, దంచి, బెల్లంతో కలిపి, ముక్క కోసి అమ్మే చేతులు ఊళ్లోనే ఉంటే ఆ గింజ విలువలో కొంతైనా ఊళ్లో నిలుస్తుంది.

ఇక కొలత. పన్నెండు బార్లకు జొన్న అటుకులు 150 గ్రాములు, పల్లీలు 125, పుట్నాల పప్పు 50, నువ్వులు 25, బెల్లం 125, నెయ్యి మూడు చెంచాలు, పావు కప్పు నీళ్లు, చిటికెడు ఉప్పు, రెండు యాలకులు. పులుపు ఇష్టమైతే సన్నగా తరిగిన మామిడి తాండ్ర గుప్పెడు.

పల్లీలను సన్న సెగ మీద వేయించి పొట్టు తీయాలి. సగం కచ్చాపచ్చాగా దంచాలి, మిగతా సగం నూనె తేలేదాకా మిక్సీలో మెత్తటి ముద్ద చేయాలి. పుట్నాలు పొడి కొట్టుకోవాలి. అటుకులు నాలుగైదు నిమిషాలు వట్టి మూకుడులో వేయిస్తే పచ్చివాసన పోతుంది. బెల్లాన్ని నీళ్లలో కరిగించి, ఇసుక, చెత్త లేకుండా వడకట్టి, ఉండపాకం వచ్చేదాకా మరిగించాలి. పాకం చుక్కను చల్లటి నీళ్లలో వేస్తే వేళ్ల మధ్య మెత్తటి ఉండ కట్టాలి. అప్పుడు దించి పల్లీ ముద్ద, నెయ్యి, ఉప్పు, యాలకుల పొడి కలిపి, మిగతావన్నీ వేసి, నెయ్యి రాసిన చదరపు టిన్నులో ఒకటిన్నర సెంటీమీటరు మందాన వేసి గిన్నె అడుగుతో గట్టిగా నొక్కాలి. ఓవెన్‌లో 160 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలు, అంచులు ఎర్రబడేదాకా కాల్చాలి. ఓవెన్ లేకపోతే గాస్కెట్, విజిల్ తీసేసిన పాత కుక్కర్‌లో అడుగున ఉప్పు పోసి, దానిమీద స్టాండు పెట్టి, ముందుగా వేడిచేసి టిన్ను దించితే చాలు. అరగంట పడుతుంది. గోరువెచ్చగా ఉన్నప్పుడే గీతలు కోయాలి, పూర్తిగా చల్లారాకే ముక్కలు విడదీయాలి. గాలి చొరబడని డబ్బాలో వారం పది రోజులు నిలుస్తాయి.

ఈ పద్ధతిలో కీలకం పాకం. పల్లీ పట్టీకి ముదురు పాకం పట్టడం పాలమూరు ఆడవాళ్లకు కొత్త కాదు. ఆ పాకం 145 డిగ్రీలు దాటిన వేడి మీద వస్తుంది, చల్లారితే అద్దంలా పెళుసెక్కుతుంది. బార్ అంత గట్టిగా ఉంటే పొద్దున్నే కొరకలేం. ఉండపాకం 115 డిగ్రీల దగ్గరే వస్తుంది. దానిలో నీరు కాస్త ఎక్కువగా మిగులుతుంది కనుక ముక్క మెత్తగా, పట్టుగా ఉంటుంది. పాకం లేతగా దించేస్తే బార్ పొడిపొడిగా రాలుతుంది. ఓవెన్ పని ఆ మిగిలిన తడిని కొంత లాగేసి, అటుకులకు వేపుడు రుచి ఇవ్వడం.

ఓట్స్ తీసి జొన్న అటుకులు అంతే కొలతకు వేస్తే మొదటి వాయి ముక్కలైపోతుంది. కారణం ఉంది. ఓట్స్ తడి పీల్చుకుని జిగురు వదులుతాయి, ఆ జిగురే సగం పని చేస్తుంది. జొన్న అటుకులకు ఆ గుణం లేదు. అందుకే పల్లీ ముద్ద, పుట్నాల పొడి కావాలి. పుట్నాలతో ఇంకో మేలూ ఉంది. జొన్నలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పల్లీలోనూ అది అంతంతమాత్రమే. పప్పు దినుసైన శనగలో అది బాగా ఉంటుంది. మూడూ కలిసినప్పుడే బార్‌లోని మాంసకృత్తులు ఒంటికి పూర్తిగా పనికొస్తాయి.

కొర్రలు వాడాలనుకునేవాళ్లు పచ్చి గింజ వేయకూడదు, బార్ కాలే ఇరవై నిమిషాల్లో అది ఉడకదు. పేలాలుగా వేయించినవో, అటుకులుగా ఒత్తినవో వాడాలి. రాగిపిండి రెండు మూడు చెంచాలు వేయించి కలిపితే కాల్షియం పెరుగుతుంది. 100 గ్రాముల రాగుల్లో కాల్షియం 340 మిల్లీగ్రాములకు పైగానే ఉంటుంది. మూడు చెంచాలకు మించి పిండి వేస్తే ముక్క నోట్లో పిండిపిండిగా తగులుతుంది. గద్వాల వైపు ఉగ్గానికి వాడే బొరుగులు అటుకుల్లో మూడో వంతు కలిపితే బార్ తేలికవుతుంది. నల్లమలలోని అమ్రాబాద్ అడవి అంచున చెంచుల తేనె దొరికే చోట బెల్లంలో నాలుగో వంతు తగ్గించి, పాకం దించాక ఆ మేరకు తేనె కలపవచ్చు. అదే నల్లమల నుంచి వచ్చే సారపప్పు బాదం చేసే పనంతా చేస్తుంది.

జొన్న అటుకులు ప్రతి ఊళ్లో దొరకవన్నది నిజమే. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థ జొన్నను అటుకులుగా, రవ్వగా, బిస్కెట్లుగా మార్చే పద్ధతులు రూపొందించి, ఈట్‌రైట్ పేరుతో బజారులోకి కూడా తెచ్చింది. ఆ అటుకులు అందని చోట జొన్న పేలాలు ఉన్నాయి. తొలి ఏకాదశికి తెలంగాణ ఇళ్లలో పేలాల పిండి చేస్తారు. వేయించిన పేలాలను దంచి బెల్లం కలిపి, వానలు మొదలయ్యే ఆ రోజుల్లో ఇంటిల్లిపాదీ తింటారు. సద్దుల బతుకమ్మకు నువ్వుల సత్తు, పల్లీల సత్తు, రొట్టెను నలిపి బెల్లంతో చేసే మలీద ముద్దలు ఉండనే ఉంటాయి. ధాన్యం, నూనెగింజ, బెల్లం కలిపి చేతిలో పట్టేలా చేసుకోవడం ఇక్కడివాళ్లు ఎవరి దగ్గరా నేర్చుకోవాల్సిన విద్య కాదు. బార్ కోసం కొత్తగా కావాల్సింది ఒక టిన్ను, కొంచెం సెగ, నిలకడైన కొలత. పేలాలు తేలిక కనుక 150 గ్రాముల బదులు 100 గ్రాములే తీసుకుని, సగం దంచి, సగం అలాగే వేయాలి.

ఈ కొలతలో ఒక్కో బార్ సుమారు 180 కేలరీలు, 5 గ్రాముల మాంసకృత్తులు ఇస్తుంది. బెల్లం 10 గ్రాములు పడుతుంది. ఈ చివరి అంకెను దాచకూడదు. బెల్లంలో కాస్త ఇనుము ఉన్నా ఒంటికి చేరేది చక్కెరే. రోజు మొత్తంలో కలిపే చక్కెర అందే శక్తిలో 10 శాతం మించకూడదని, 5 శాతం లోపు అంటే 25 గ్రాముల దరిదాపుల్లో ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. రోజుకు ఒక బార్ ఆ హద్దులో ఇముడుతుంది, మూడు తింటే ఇమడదు. మధుమేహం ఉన్నవాళ్లకు బెల్లం బార్ మంచిదని ఎవరు చెప్పినా నమ్మరాదు.

పిల్లల విషయంలో ఇంకొన్ని జాగ్రత్తలున్నాయి. అయిదేళ్లలోపు పిల్లలకు పల్లీ పలుకులు గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది, వాళ్లకు చేసే బార్‌లో పల్లీ అంతా మెత్తటి పొడిగానే ఉండాలి. పల్లీ పడని పిల్లలుంటే వాళ్లకు వేరే తిండి ఇవ్వాలి. గింజలు ఏరేటప్పుడు ముడుచుకుపోయినవి, రంగు మారినవి, బూజు వాసన వచ్చేవి తీసి పారేయాలి. వేయించినంత మాత్రాన అఫ్లాటాక్సిన్ పూర్తిగా పోదు. బడికి సరఫరా చేసే సరుకైతే ఇంటి కంటి చూపు చాలదు, ల్యాబ్ పరీక్ష తప్పనిసరి.

నిల్వకు కూడా శాస్త్రం దారి చూపింది. పల్లీ బార్ మొదట పాడయ్యేది నూనె కంపుతో. పటాన్‌చెరులోని ఇక్రిశాట్, జునాగఢ్‌లోని వేరుశనగ పరిశోధన సంస్థ కలిసి తీసుకొచ్చిన గిర్నార్-4, గిర్నార్-5 రకాల్లో ఓలిక్ ఆమ్లం 80 శాతం దాకా ఉంటుంది. మామూలు రకాల్లో అది సగానికి అటూఇటూ. ఓలిక్ ఆమ్లం ఎక్కువున్న నూనె త్వరగా కంపు కొట్టదు. 2020 అక్టోబరులో ప్రధాని జాతికి అంకితం చేసిన 17 పోషక రకాల్లో ఈ రెండూ ఉన్నాయి. పాలమూరు రైతు వీటిని వేయాలంటే విత్తనంతో పాటు కాస్త ఎక్కువ ధర ఇచ్చే కొనుగోలుదారు కావాలి. ఊళ్లో బార్లు చేసే యూనిట్ ఉంటే అదే ఆ కొనుగోలుదారు అవుతుంది.

ఇదంతా ఇంటికే పరిమితమైతే సగం మేలే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం 2019-21లో తెలంగాణలో అయిదేళ్లలోపు పిల్లల్లో మూడో వంతు వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఆరు నెలల నుంచి అయిదేళ్ల మధ్య పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత. ఒక్క బార్ ఈ లెక్కలను మార్చేయదు. గుడ్డు, పప్పు, ఆకుకూర, పాలు ఏవీ తగ్గించకుండా, వాటికి తోడుగా ఇస్తేనే దానికి విలువ.

ఇలాంటి తిండిని బడి పిల్లలకు అందించడం చేయదగిన పనేనని ఇతర చోట్ల అనుభవాలు చెబుతున్నాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020 జనవరిలో మధ్యాహ్న భోజనంలోకి పల్లీ చిక్కీని తెచ్చింది, 2023 మార్చి నుంచి రాగిజావ చేర్చింది. తెలంగాణలోనే ఉట్నూర్ ప్రాంతంలో ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వు లడ్డూలు చేస్తే అవి హాస్టల్ పిల్లలకు చేరాయి. తమిళనాడులోని కోవిల్‌పట్టి పల్లీ మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు దక్కింది. కరిసల్ అనే నల్లరేగడి నేలలో పండిన పల్లీ, బెల్లం తప్ప అందులో పెద్దగా ఏమీ లేదు. ఆ ఊరివాళ్లు దశాబ్దాలుగా ఒకే పద్ధతిలో, ఒకే నాణ్యతతో చేసి అమ్మారు, పేరు నిలబెట్టుకున్నారు. వనపర్తి పల్లీ ఏ విధంగానూ తీసిపోదు. ఇక్కడి గింజకు అలాంటి తయారీ, అలాంటి పేరు ఇంకా దక్కలేదు.

తెలంగాణలో 2024లో ప్రభుత్వ బడి పిల్లల యూనిఫాంలు కుట్టే పనిని మహిళా సంఘాలకు అప్పగించారు. బట్ట కుట్టగలిగిన సంఘం బార్ కూడా కాల్చగలదు. చిన్న ఆహార యూనిట్ల కోసం 2020లో కేంద్రం మొదలుపెట్టిన పథకంలో పెట్టుబడికి 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల దాకా రాయితీ ఉంది, సంఘ సభ్యురాలికి 40 వేల రూపాయల దాకా మూలధనం కూడా ఉంది. కరువల్లా కచ్చితమైన కొనుగోలుకే. ప్రభుత్వం ఇన్ని నెలలు, ఇన్ని బార్లు, ఈ ధరకు కొంటామని రాసిస్తే బ్యాంకు అప్పు ఇస్తుంది, సంఘం ఓవెన్ కొంటుంది. ఆ హామీ లేకుండా శిక్షణ శిబిరాలు ఎన్ని పెట్టినా ఓవెన్ మూలన పడుతుంది.

పెద్ద పథకంగా మొదలుపెట్టనక్కర లేదు. జిల్లాకు ఒక మండలం చాలు. వనపర్తి, అచ్చంపేట, గద్వాల యార్డుల్లో జనవరిలో కొత్త కాయ కొని, ఫిబ్రవరిలో ల్యాబ్ పరీక్ష చేయించి, ఏప్రిల్‌లో సెలవులిచ్చేదాకా ఆ మండలాల ప్రభుత్వ బడుల్లో వారానికి మూడు రోజులు ఉదయం ప్రార్థన తర్వాత పిల్లలకు ఒక్కో బార్ ఇవ్వాలి. ఒక బార్‌కు ఎంత ఖర్చయింది, పిల్లలు పూర్తిగా తిన్నారా, ఎండలు ముదిరాక ఎన్నాళ్లు పాడవకుండా నిలిచింది, మహిళలకు రోజుకు ఎంత కూలి గిట్టింది, రైతుకు యార్డు ధర కన్నా ఎంత ఎక్కువ ముట్టింది, ఈ అయిదు లెక్కలూ మే నెలలో జనం ముందు పెట్టాలి. అవి బాగుంటే జూన్‌లో బడులు తెరిచే నాటికి మూడు జిల్లాలకూ విస్తరించడానికి కలెక్టర్ల చేతిలో తగినంత సమాచారం ఉంటుంది.